సవరానికి పంచరు బంక

నా పెళ్లిచూపుల నాడు జరిగిన ఘోరాన్ని తలుచుకుంటే మా నాన్న ఇప్పటికీ గోడవైపు తిరిగి నవ్వుతాడు. అది భూకంపం కాదు, అగ్నిప్రమాదం కాదు. అంతా నా తల మీదే జరిగింది, నా చేతులతోనే జరిగింది. డిగ్రీ పాసై, నాకంటే తెలివైన మనిషి గద్వాలలో పుట్టలేదని గట్టిగా నమ్మిన రోజులవి. చదివి జాలిపడకండి. ఆ పిల్ల జాలికి తగింది కాదు.

మాది నేత ఇల్లు. అమ్మా నాన్నా ఇద్దరూ మగ్గం మీదే. వనపర్తి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి తల్లి అంతకుముందు ఏడాది ఏదో పెళ్లిలో నన్ను చూసిందట. ముఖం ఆమెకు గుర్తులేదు, జడ గుర్తుంది. "గా పొడుగు జడ పిల్లను చూస్తం" అని కబురు పెట్టింది. చిక్కంతా అక్కడే. ఆ మధ్యలో నాకు టైఫాయిడ్ వచ్చి, జడ కాస్తా ఎలుక తోకంత మిగిలింది.

మా మేనత్త తను పండగలకు పెట్టుకునే సవరం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బిడ్డా, దీన్ని కుదుళ్లకాడ కట్టొద్దు. నీ జుట్టు జర అల్లినంక నడుమ కలుపుకో. నూలు నాడాతోని వదులుగ కట్టు. నొప్పి లేస్తే తీసెయ్, గంతే."

"ఊడిపోతే ఎట్ల అత్తమ్మా?"

"ఎందుకూడుతది? నువ్వు పెండ్లిచూపులకు కూసుంటున్నవా, కబడ్డికి పోతున్నవా?"

విన్నానా? వినడం అప్పట్లో నాకు చిన్నతనం. ఒక సవరం నా స్థాయికి చాలదని పక్కింటి వదిననడిగి రెండోది కూడా తెచ్చాను. గది తలుపేసుకుని, రెండింటినీ సరిగ్గా కుదుళ్ల దగ్గరే పెట్టి, మగ్గం మీది పట్టుదారంతో బిగించాను. మామూలు బిగింపు కాదు. సంతకు తోలుకెళ్లే దున్నపోతును కూడా ఎవరూ అలా కట్టరు. దాని మీద గుప్పెడు పిన్నులు గుచ్చాను. తల చర్మమంతా వెనక్కి లాక్కుపోయి, కనుబొమ్మలు నుదుటి మధ్యకెక్కి కూర్చున్నాయి. అద్దంలో చూసుకుంటే ఇంట్లో దొంగలు పడ్డారన్న వార్త అప్పుడే విన్న మనిషిలా ఉన్నాను. నేనేమనుకున్నానో తెలుసా? "అబ్బ, కళ్లు ఎంత పెద్దగా కనిపిస్తున్నాయి!"

అంతటితో ఆగితే మనిషినే. తల ఊపి చూస్తే సవరం కొంచెం కదిలినట్టనిపించింది. నాన్న సైకిలు సామాన్లలో ట్యూబుకు పంచరు వేసే బంక ఉంది. ట్యూబులో గాలినే ఆపే బంక జడను ఆపలేదా? ముడి చుట్టూ దిట్టంగా పూసేశాను. ఆ క్షణాన నా మేధస్సుకు నేనే ముచ్చటపడ్డాను.

జీపులో ముగ్గురొచ్చారు: అబ్బాయి, తల్లి, మేనమామ. ఎండాకాలం, కరెంటు లేదు. నన్ను ఇనప చట్రానికి నైలాన్ వైరు అల్లిన కుర్చీలో కూర్చోబెట్టారు. ముందుకు వంగితే ప్రాణం పోతోంది. తల వెనక్కి వాలిస్తే కాస్త నయంగా ఉంది. అందుకని మహారాణిలా వెనక్కి వాలి, కనుబొమ్మలు పైకెత్తి, అందరినీ చూస్తూ కూర్చున్నాను.

"ఏంది బిడ్డా, గంత పరేషాన్‌గ చూస్తున్నవు?" అంది అబ్బాయి తల్లి.

"ఏం లేదత్తమ్మా."

"పేరేంది?" అని మేనమామ అడిగాడు. చెప్పాను. నా ముఖం చూసి, పేరు నాకే అప్పుడు తెలిసిందనుకున్నాడేమో, ఇంకేమీ అడగలేదు. కాసేపటికి ముక్కు ఎగబీల్చాడు. "ఏందో రబ్బరు వాసనొస్తుంది. జీపు టైరేమన్న అయిందా?" అంటూ బయటికెళ్లి, నాలుగు టైర్లూ తట్టి చూసి వచ్చాడు. వాసన ఇంట్లోనే ఎక్కువగా ఉందని చెప్పి మరీ కూర్చున్నాడు.

"లేచి పెద్దోళ్ల కాళ్లు మొక్కు" అంది అమ్మ.

లేచాను. నా వెంట కుర్చీ కూడా లేచింది.

ఎండకు కరిగిన బంక కుర్చీ వైర్లకు పట్టేసింది. నేను కాబోయే అత్తగారి ముందు వంగి, వీపున కుర్చీ మోస్తూ, నాలుగు ఇనప కాళ్లతో మేనమామ ముక్కు మీదికి వెళ్లాను.

"కుర్చీ పట్టు, కుర్చీ పట్టు!" అని నాన్న అరిచాడు.

"పిల్లను పట్టుకోవయ్యా! కుర్చీకేమైతది?" అని అమ్మ అరిచింది.

"కబడ్డే అయింది" అంది గడప దగ్గర నిలబడ్డ మేనత్త.

నేను "అమ్మో" అని ఏడుస్తుంటే అబ్బాయి తల్లే మగ్గం దగ్గరి కత్తెర అందుకుంది. దారం తెంపింది, పిన్నులు పీకింది, గిన్నెడు కొబ్బరినూనె నా తల మీద పోసి మెల్లగా రుద్దింది. రెండు సవరాలూ కుర్చీకే ఉండిపోయాయి.

"నెత్తంత కందిపోయింది గదనే! ఇది నీ నెత్తేనా, కిరాయికి తెచ్చుకున్నవా?"

"మీకు జడ గావాల్నంటే..." అని వెక్కాను.

"జడ మంచిగుందన్న. జడను కోడలు చేసుకుంట అన్ననా?"

అప్పుడు అబ్బాయి మెల్లగా అన్నాడు: "అమ్మా, ఆమె కనుబొమ్మలు కిందికి దిగినయి. ఇప్పుడు మంచిగున్నది."

జీపు వెళ్లిపోయింది. ఆ సంబంధం కూడా దానితోపాటే వెళ్లిపోయిందని నేను చాపకు అడ్డంగా పడి ఏడ్చాను. పెళ్లి ఖాయమన్న కబురు వనపర్తి నుంచి ఆ వారంలోనే వచ్చింది. బంక పట్టిన జుట్టు మాత్రం నూనెకూ లొంగలేదు, కుంకుడు రసానికీ లొంగలేదు. మేనత్త మెడ దాకా కత్తిరించేసింది. మెడ వెనక బొటనవేలంత చోట ఇప్పటికీ వెంట్రుక మొలవదు.

పెళ్లిలో మా అత్తగారు నా తల మీద ఒక్క పిన్ను కూడా పెట్టనివ్వలేదు. ఏమీ తెలియని ఫొటోగ్రాఫర్ అందరి ముందూ, "అమ్మా, జర జడ ముంగటికేసుకోండ్రి" అన్నాడు. రెండువైపులవాళ్లూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ ఫొటోలో నేనొక్కదాన్నే గంభీరంగా ఉంటాను.

కాబట్టి అద్దం సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను. నా కంఠంలో ప్రాణముండగా పంచరు బంక పంచరుకే. తల నొప్పి పుట్టించే అందం ఏదైనా నా గుమ్మం తొక్కరాదు. ఇక పెద్దల ముందు కూర్చోవాల్సి వస్తే చాప మీదే కూర్చుంటాను. ఖర్మకాలి అది వెంట లేచినా, చలికి కప్పుకున్నాననుకుంటారు.