స్తంభం మీద యాదయ్య, రోడ్డు మీద సాయమ్మ

మెట్రో రైళ్లు కొత్తగా తిరుగుతున్న రోజుల్లో నన్ను దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక విద్యుత్ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. కరెంటు స్తంభం ఎక్కడానికి ఒక పద్ధతి ఉంది. సబ్‌స్టేషన్‌లో ఆ లైను ఆపించి, ‘లైన్ క్లియర్’ అనే అనుమతి తీసుకోవాలి. తీగలను నేలకు కలిపి ఎర్త్ చేయాలి. ఆ తర్వాతే లైన్‌మన్ పైకెక్కాలి. రోజూ ఇదే చెప్పి చెప్పి విసుగొచ్చేది.

మా లైన్‌మన్ యాదయ్యది నల్గొండ దగ్గర పల్లె. అతని భార్య సాయమ్మ ఎల్బీనగర్‌లో పెద్ద రోడ్డు ఊడ్చేది. “నాది పానం మీది పని మేడం. మా ఆమెది నయం, నేల మీదనే గద” అనేవాడు. నాకూ అది నిజమే అనిపించేది.

ఒక వానాకాలం ఉదయం చంపాపేట్‌లో యాదయ్య స్తంభం మీద ఉండగా నాకు ఫోనొచ్చింది. రోడ్డు ఊడుస్తున్న సాయమ్మను వెనక నుంచి కారు గుద్దిందట, ఆసుపత్రిలో చేర్చారట. పైనున్న మనిషికి ఆ మాట చెప్పలేను. చెయ్యి వణికినా, కాలు జారినా అంతే.

“యాదయ్యా, దిగు. పనుంది” అన్నాను.

“రెండు బోల్టులున్నయి మేడం. బిగిచ్చి ఒస్తా.”

కానిమ్మన్నాను. అతను బిగించినంతసేపూ కిందే నిలబడ్డాను. నేల మీదికొచ్చి నడుము బెల్టు విప్పాక చెప్పాను. అతను విప్పిన బెల్టు చేత్తో పట్టుకునే జీపెక్కాడు.

సాయమ్మ బతికింది, కాని తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఆమెను చూడగానే యాదయ్య భయమంతా కోపమై బయటికొచ్చింది. “ఎన్కకు జర సూస్కోవద్దా?” అని గద్దించాడు.

“ఎన్కకు సూస్తే ఊడ్సుడెట్లయ్యా? నువ్వెక్కితే కరెంటు బందు వెడ్తరు. నాకోసం బండ్లెవలు ఆపుతరు?” అందామె నీరసంగా.

నేను ఆమె సూపర్‌వైజరును కలిశాను. ఊడ్చేచోట వెనక ఎర్ర కోన్లు పెట్టించమని, జెండాతో ఒక మనిషిని నిలబెట్టమని అడిగాను. మనుషులు లేరన్నాడు. కోన్లు కొన్నాళ్లు పెట్టారు, తర్వాత అవీ కనిపించలేదు. నేను మళ్లీ రెండుసార్లు తిరిగి, అలసిపోయి ఊరుకున్నాను. ఆరోగ్యం కుదుటపడ్డాక సాయమ్మ కుంటుకుంటూ మళ్లీ అదే రోడ్డుకు వెళ్లింది.

ఎత్తును బట్టీ, కరెంటును బట్టీ పనుల ప్రమాదాన్ని అంచనా వేయడం అప్పటితో మానేశాను. మనిషి పనిలో ఉన్నంతసేపూ ప్రమాదాన్ని ఆపి ఉంచేవాళ్లు ఉన్నారా లేరా అన్నదే చూడాలి. అలాంటివాళ్లు లేని పనే ఎక్కువ ప్రమాదకరం.