మూల జెండా దగ్గర మూరెడు

మా స్కూలు రగ్బీ జట్టు కప్పు గెలిచిన సంవత్సరం గురించి ఎవరిని అడిగినా కెప్టెన్ గురించి చెబుతారు, లేదంటే డ్రిల్లు మాస్టారి గురించి చెబుతారు. నన్నడిగితే మైదానంలో గీతలు గీసే మనిషి గురించి చెబుతాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందుకే అడక్కుండానే చెబుతున్నాను.

ఆయన్ని పిల్లలు గీతల తాత అనేవారు. మైదానం చివర, నీళ్ళ ట్యాంకు పక్కనున్న రెండు గదుల్లో ఉండేవాడు. గడ్డి కోయడం, నీళ్ళు పెట్టడం, గోతులు పూడ్చడం, మ్యాచ్ ముందురోజు సుద్దనీళ్ళు నింపిన చక్రాల బండిని తోసుకుంటూ గీతలు గీయడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. అంతకాలం ఒకే పని చేసినవాళ్ళను మనం రెండు విధాలుగా చూస్తాం. అయితే గొప్పవాడంటాం, కాదంటే అసలు చూడటమే మానేస్తాం. ఆయన రెండో రకంలో పడ్డాడు.

నేను లెక్కల మాస్టారిని. నాకూ ఆటలకూ ఆమడ దూరం. "అంకెలు వచ్చినవారు, స్కోరు మీరే రాయాలి" అని డ్రిల్లు మాస్టారు పుస్తకం నా ఒళ్ళో పడేశాడు కాబట్టి ప్రతి శనివారం గొడుగేసుకుని మైదానం ఒడ్డున కూర్చునేవాణ్ణి. కోడిగుడ్డులాంటి బంతి. దాన్ని చేత్తో ముందుకు విసరకూడదట, వెనక్కి విసురుకుంటూ ముందుకు పోవాలట. మన ఆఫీసు గదిలో ఫైళ్ళు కూడా అంతే కదా అన్నాను. డ్రిల్లు మాస్టారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

గీతల తాత మీద నాకు గౌరవం కలిగింది ఒక తాడు వల్ల. ఆ తాడుకు మూడు, నాలుగు, అయిదు గజాల దూరంలో ముడులు వేసి, దాన్ని ముక్కోణంగా లాగి మైదానం మూలలు తీసేవాడు. తొమ్మిదో తరగతి వాళ్ళకు నెల రోజులు బోర్డు మీద గీకినా తలకెక్కని సూత్రాన్ని ఆయన గడ్డి మీద అయిదు నిమిషాల్లో పూర్తిచేసేవాడు.

"ఎవరు నేర్పారు పెద్దాయనా?" అని అడిగాను.

"మా ఆవిడ" అన్నాడు. "తాడు లాగడం నా పని, తప్పు పట్టడం ఆవిడ పని."

ఆవిడ మా స్కూల్లో చిన్న తరగతుల ఆయమ్మ. శుక్రవారం మధ్యాహ్నం పిల్లల్ని పంపించేసి మైదానంలోకి వెళ్ళేది. తాడు ఒక కొస ఆయన చేతిలో, రెండో కొస ఆవిడ చేతిలో. ఆవిడ మూల జెండా దగ్గర కూర్చుని ఒక కన్ను మూసి చూసేది. "ముందుకొచ్చావు. వెనక్కి పో. ఇంకా వెనక్కి. అయ్యో రామా, అంత కాదు, నీకు అన్నిటికీ అతే!" ఆ కేకలు మా స్టాఫ్ రూము కిటికీల దాకా వినిపించేవి. శుక్రవారం చివరి పీరియడ్లో మాకదే కాలక్షేపం.

ఆ ఏడు సెలవుల్లో ఆవిడ నాలుగు రోజుల జ్వరంతో పోయింది. బడి తెరిచాక ప్రార్థనలో అందరం రెండు నిమిషాలు మౌనం పాటించాం. మూడో నిమిషంలో రగ్బీ పోటీల తేదీలు చదివారు.

ఆయన రెండో కొసను ఇనుప మేకుకు కట్టడం మొదలుపెట్టాడు. మేకు ఎంత గట్టిదైనా వెనక్కి పొమ్మనదు కదా. శుక్రవారాలు మా కిటికీల్లోంచి ఏ కేకలూ వినపడేవి కావు. అందరికీ ఆ సంగతి తెలుస్తూనే ఉంది. మాలో ఒక్కరం కూడా లేచి వెళ్ళి ఆ కొస పట్టుకోలేదు. నేనూ వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒక మార్పు మాత్రం గమనించాను. ఆయన నీళ్ళు పెట్టడం ఎక్కువైంది. పొద్దునా, సాయంత్రమూ, చివరికి వాన వెలిసిన మర్నాడు కూడా పైపు పట్టుకుని నిలబడేవాడు.

"తడిసిన నేలకు నీళ్ళెందుకయ్యా?"

"ఇంట్లోకెళ్ళి ఏం చెయ్యను మాస్టారూ?" అన్నాడు, పైపు మీంచి కళ్ళు తిప్పకుండా.

నేను గొడుగు ముడుచుకుని ఇంటికొచ్చేశాను.

ఆరు స్కూళ్ళ పోటీ అది. మొదటి మ్యాచ్ ఇరవై తేడాతో ఓడిపోయాం. రెండోది సమానంగా ముగిసింది. తర్వాత మావాళ్ళకు ఏం పట్టిందో, వరసగా మూడు గెలిచి రెండో స్థానంలోకి వచ్చి కూర్చున్నారు. దాంతో సెమీఫైనల్ మా మైదానంలోనే పడింది. అంతవరకూ రగ్బీ అంటే ముక్కు పగలగొట్టుకోవడమని తేల్చిన ప్రిన్సిపాలు గారు కూడా మొదటి వరసలో కుర్చీ వేయించుకున్నారు.

చివరి నిమిషం వరకూ అవతలివాళ్ళు పదహారు, మేము పన్నెండు. అప్పుడు మా కుడి అంచున పరిగెత్తే కుర్రాడు, అందరూ బక్కోడనేవాడు, బంతి పట్టుకుని మూల జెండా వైపు దూసుకుపోయాడు. ఇద్దరు వాడి నడుం పట్టుకుని పడేశారు. పడుతూ పడుతూ చెయ్యి చాచి బంతిని గీత మీద ఆనించాడు. ఈ ఆటలో బంతి గోలు స్తంభాలు నిలబడే ఆ గీతను రవ్వంత తాకినా చాలు, అయిదు పాయింట్లు. రిఫరీ అక్కడే వంగి చూస్తున్నాడు. విజిల్ ఊదాడు. పదిహేడు, పదహారు. ఒక్క పాయింటుతో ఫైనల్లోకి వెళ్ళాం. నేనూ గొడుగు పక్కన పడేసి లేచి నిలబడ్డాను, అబద్ధమెందుకు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే గీతల తాత మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మాస్టారూ, గీత తప్పు" అన్నాడు.

"ఏ గీత?"

"నిన్న బక్కోడు బంతి పెట్టిన గీత. గోలు స్తంభాల దాకా సరిగ్గానే ఉంది. అక్కణ్ణించి కుడి మూల జెండాకు పోయేసరికి మూరెడు మైదానం లోపలికి ముందుకొచ్చేసింది. మూడుసార్లు కొలిచాను. ఆ మూల నేల మెత్తబడి మేకు వాలింది. నీళ్ళెక్కువయ్యాయి. నేనే పెట్టాను. గీత ఉండాల్సిన చోట ఉంటే బంతి దాన్ని తాకేది కాదు మాస్టారూ."

నాకు నిద్రమత్తు వదిలిపోయింది. "డ్రిల్లు మాస్టారికి చెప్పావా?"

"చెప్పాను. రిఫరీ ఊదాక దేవుడు కూడా మార్చలేడన్నారు. అవతలివాళ్ళే అడగలేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు. ప్రిన్సిపాలు గారైతే..." గొంతు తగ్గించాడు. "ఆవిడ పోయినప్పట్నించీ మనసు బాగోలేదు పాపం, వారం రోజులు సెలవు తీసుకో అన్నారు."

"వాళ్ళు చెప్పిందాంట్లో తప్పేముంది? గీతనెవరు చూస్తారయ్యా?"

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "తప్పు గీత అయినా పర్లేదంటే, ఇన్నేళ్ళూ సరిగ్గా గీసిన గీతలకూ విలువ లేదనే కదండీ? మరి ఆవిడా నేనూ అన్ని శుక్రవారాలు దేనికి పోట్లాడుకున్నట్టు?"

అసలు అడగడానికొచ్చిన మాట అప్పుడు బయటపెట్టాడు.

"మీరొకసారి టేపు పెట్టి కొలవండి. తప్పుంటే తప్పుందని డ్రిల్లు మాస్టారితో ఒక్కమాట అనండి. నేనంటే పిచ్చెక్కిందంటారు. లెక్కల మాస్టారంటే నమ్ముతారు. ఆ తర్వాత వాళ్ళు అవతలి స్కూలుకు చెప్పుకుంటారో, మళ్ళీ ఆడతారో, మానేస్తారో వాళ్ళిష్టం. మీరు కొలిచేదాకా ఆ గీత ముట్టుకోను."

చూస్తానన్నాను. చూస్తానంటే మన భాషలో అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు.

కానీ నిజంగానే చూశాను. బుధవారం సాయంత్రం ఆయన గడ్డి విత్తనాలకు బజారుకెళ్ళిన సమయం చూసుకుని, దొంగలా టేపు జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఆ గీతకు వెనకాల ఉండే మైదానం హద్దు నుంచి స్తంభాల దగ్గర గీతకు తొమ్మిది మీటర్లు. అదే హద్దు నుంచి కుడి మూల జెండా దగ్గర గీతకు తొమ్మిది మీటర్ల నలభై ఆరు సెంటీమీటర్లు. మళ్ళీ కొలిచాను. అంతే. సరిగ్గా మూరెడు. గీత మీద ఒకచోట సుద్ద చెదిరి, బంతి ముక్కు దిగబడిన గుంట ఇంకా కనిపిస్తోంది. గీత ముందు అంచుకూ దానికీ నాలుగు వేళ్ళ దూరం లేదు.

టేపు చుట్టేసి స్టాఫ్ రూములోకి వచ్చాను, చెప్పేద్దామనే. డ్రిల్లు మాస్టారు బల్లెక్కి కూర్చుని అందరికీ స్వీట్లు పంచుతున్నాడు. ఫైనల్‌కు రెండు బస్సులు మాట్లాడామంటున్నాడు. బక్కోడి వాళ్ళ నాన్న వచ్చి కొడుకు ఫోటో కోసం అడుగుతున్నాడు. నా చేతిలోనూ ఒక స్వీటు పెట్టారు. నోరు తీపి చేసుకున్నాక చేదు మాట ఎలా చెబుతాం? రేపు చెబుదామనుకున్నాను. పిరికితనానికి రేపు అనేది ఎంత మంచి చుట్టమో ఆ రోజే తెలిసింది.

బయటికొస్తుంటే గేటు దగ్గర విత్తనాల సంచీతో ఆయన ఎదురయ్యాడు.

"తీరికైందా మాస్టారూ?"

"లేదయ్యా, పరీక్ష పేపర్లు దిద్దాలి" అన్నాను.

ఆయన కిందికి చూశాడు. నా బూట్ల అంచున సుద్ద తెల్లగా అంటుకుని ఉంది. చూసి, సంచీ ఇంకో భుజానికి మార్చుకుని, "సరేనండీ" అని వెళ్ళిపోయాడు.

గురువారం నేను చెప్పలేదు. శుక్రవారం కూడా చెప్పలేదు. శనివారం ఫైనల్ వేరే స్కూలు మైదానంలో జరిగింది. మావాళ్ళు దర్జాగా, ఎవరూ వంక పెట్టలేనట్టుగా గెలిచారు. దానివల్ల నా మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

తిరిగొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. పిల్లలు బస్సులోంచి దూకి, కప్పు నెత్తిన పెట్టుకుని తిన్నగా కుడి మూలకు పరిగెత్తారు. బక్కోడు బంతి పెట్టిన చోటే ఫోటో దిగాలట. జట్టంతా ఆ గీత మీద వరసగా నిలబడింది. నీళ్ళ ట్యాంకు నీడలో గీతల తాత ఒక్కడే నిలబడి చూస్తున్నాడు. "తాతా, నువ్వూ రా!" అని కెప్టెన్ పిలిచాడు. ఆయన చెయ్యి ఊపి వద్దన్నాడు. "రావయ్యా, నీ గీతే కదా మనల్ని గట్టెక్కించింది!" అని డ్రిల్లు మాస్టారు పెద్దగా నవ్వాడు.

ఆ నవ్వుకు నాకు ఎక్కడో కాలింది.

"నవ్వకండి" అన్నాను. "ఆయన చెప్పింది నిజం. గీత తప్పు. నేను కొలిచాను. మూరెడు ముందుకుంది. ఆ రోజు మనం గెలవలేదు."

బక్కోడి ముఖంలో రంగు పోయింది. వాడు కిందికి చూసి, గీత మీంచి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. కెప్టెన్ గీతల తాత వైపు తిరిగాడు.

"నిజమా తాతా?"

ఆయన నెమ్మదిగా నడిచి వచ్చాడు. పిల్లల్ని ఒక్కొక్కర్నీ చూశాడు. బక్కోడి దగ్గర ఆగి వాడి భుజం మీద చెయ్యేశాడు.

"మాస్టారు మిమ్మల్ని ఆటపట్టిస్తున్నారు. గీత తిన్నగానే ఉంది. నేను గీసింది ఎప్పుడన్నా వంకరపోయిందా?"

పిల్లలు ఒక్కసారిగా హోరుమన్నారు. "లెక్కల మాస్టారికే లెక్క తప్పింది!" అని ఎవడో అరిచాడు. డ్రిల్లు మాస్టారు నా వీపు తట్టాడు. ఫోటో తీశారు. గీతల తాత కూడా అందులో ఉన్నాడు, ఒక చివర, బక్కోడి పక్కన. ఇరవై ఆరేళ్ళలో ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అదే.

అందరూ వెళ్ళిపోయాక ఆయన దగ్గరికి వెళ్ళాను. "ఎందుకలా అన్నావు పెద్దాయనా? నువ్వు అడిగిందే కదా చెప్పాను."

"బుధవారం చెప్పుంటే అది న్యాయం మాస్టారూ" అన్నాడు, కోపం లేకుండానే. "ఇవాళ చెబితే ఆ పసివాడికి ఏడుపు తప్ప ఎవరికేం మిగిలింది?"

"మరి నీ మాట? అందరూ నీకు మతి పోయిందనే అనుకుంటారు."

"అనుకోనివ్వండి. నా మాట నేను ఆదివారమే చెప్పుకున్నాను. నలుగురూ నమ్మాలని లేదు, మీరొక్కరు నా పక్కన నిలబడితే చాలనుకున్నాను."

నేను ఆయన్ని నమ్మాను. టేపు పెట్టి కొలిచి మరీ నమ్మాను. ఆ సంగతి ఆయనకు బుధవారం నుంచీ తెలుసు. అందుకే ఇంకేమీ అడగకుండా వెళ్ళొస్తానని చెప్పి ఇంటివైపు నడిచాడు.