ముగ్గురి ఉప్పు పడిన పులిహోర

తెనాలిలో మా పుట్టింట్లో వంట అంటే సగం రుచి చూడడమే. అమ్మ పప్పుచారు దింపేలోగా నాలుగైదుసార్లు చప్పరించి చూసేది. నాకూ అదే అలవాటు. అలాంటిదాన్ని, రెండువేల నాలుగులోనో అయిదులోనో, రేపల్లెలో మడీ ఆచారం గట్టిగా పాటించే ఇంటికి కోడలిగా వెళ్ళాను. అక్కడ దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఏదీ నోట్లో వేసుకోకూడదు. మరి ఉప్పూ కారం ఎలా తెలుస్తాయండీ అని అడిగితే, వాసన చూస్తే చాలన్నారు మా అత్తగారు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ ముక్కు తప్పలేదని వీధంతా చెప్పుకునేది. ముందు చెప్పింది ఆవిడేననుకోండి, అది వేరే సంగతి.

పెళ్ళయి ఏడాది కావస్తున్నా పొయ్యి నా చేతికి రాలేదు. కొబ్బరి కోరడం, చింతపండు పిసకడం, ఇంతే నా ఉద్యోగం. ఒళ్ళు మండేది. చివరికి శ్రావణ శుక్రవారం పేరంటానికి పులిహోర ఒక్కటీ నన్ను చేయమన్నారు. అది కుదిరితే వంటిల్లు నాది. కుదరకపోతే మళ్ళీ కొబ్బరిచిప్పలే.

చింతపండు గుజ్జులో ఉప్పు వేసి ఉడికించి, పోపు పెట్టి, అన్నంలో కలిపాను. నాలుక లాగుతున్నా నోరు కట్టుకుని, తమలపాకులు కడగడానికి పెరట్లోకి వెళ్ళాను. ఆ కాస్తలో అత్తగారు వచ్చి వాసన చూసి, ఉప్పు పడలేదని తేల్చి, గుప్పెడు వేసి కలిపారు. ఆవిడ అటు వెళ్ళగానే ఆవిడ అత్తగారు, అంటే మా మామ్మగారు, గోడ పట్టుకుని వచ్చారు. కొత్త పిల్ల మరిచిపోయే ఉంటుందని ఆవిడా ఓ గుప్పెడు వేశారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ప్రసాదాన్ని పారేయకూడదు, దానికి వంక పెట్టకూడదు. పేరంటానికి వచ్చినవాళ్ళందరూ కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు. బాపట్ల నుంచి వచ్చిన మా ఆడపడుచు చెంబెడు నీళ్ళు తాగి, చాలా బాగుందని నా వైపు చూడకుండా చెప్పింది. నా పని అయిపోయిందనుకున్నాను.

అందరూ వెళ్ళాక, ఉప్పెంత వేశావని అత్తగారు నిలదీశారు. సరిగ్గానే వేశానండి అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"మరి నేను వేసిందేంటి?" అన్నారావిడ.

మూల కూర్చున్న మామ్మగారు తీరిగ్గా, "నేనూ వేశానే" అన్నారు.

అత్తగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ముందు తిన్నది అమ్మవారు, ఆవిడే ఏమీ అనలేదు కాబట్టి ఇంక ఎవరూ ఈ మాట ఎత్తొద్దన్నారు. నాకు నవ్వొచ్చింది కానీ, పొయ్యి సంగతి తేలకుండా నవ్వే ధైర్యం లేదు.

మరుసటి శుక్రవారం పులిహోర మళ్ళీ నాకే అప్పగించారు. మామ్మగారు లోపలికి రాకుండా అత్తగారు గడప దగ్గర పీట వేసుకున్నారు. అత్తగారు లేవకుండా మామ్మగారు ఎదురుగా కుర్చీ వేయించుకున్నారు. ఆ ఇద్దరి కాపలా మీదే నా ధ్యాసంతా ఉండిపోయింది. అంతా కలిపాక చూసుకుంటే ఉప్పు వేశానో లేదో గుర్తు రాలేదు. వాసన చూశాను, ఇంగువ తప్ప ఏమీ తెలియలేదు. ఇంక సిగ్గు విడిచి అత్తగారితో మెల్లగా చెప్పుకున్నాను.

ఆవిడ ఎదురు కుర్చీ వైపు చూశారు. మామ్మగారు కునికిపాట్లు పడుతున్నారు. అత్తగారు గొంతు తగ్గించి, "కాస్త నోట్లో వేసుకుని చూడమ్మాయ్, నేనటు తిరుగుతాను" అన్నారు. అన్నట్టే గోడ వైపు తిరిగారు. తిరిగినావిడ తిరిగినట్టే ఉండి, చెయ్యి మాత్రం వెనక్కి చాపారు.

"నాకూ ఓ మెతుకు పెట్టు. పొయ్యి ఇంక నీదే. ఈ సంగతి మాత్రం ఎక్కడా అనకు."