నీళ్లకు చందా

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగాయి, నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ మూతపడింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు నడిపే ఆనందం గారు మాత్రం షట్టర్ దించేసి, మా కాలనీ పార్కులో బిందెలతో నీళ్లు మోస్తున్నారు. ఆరా తీస్తే తెలిసింది, మొక్కలకు వచ్చే ట్యాంకర్ సమ్మె వల్ల రాలేదట. ఇన్నేళ్లుగా దానికి డబ్బు కట్టేది ఆయనేనట!

నాకు ఉబలాటం ఆగలేదు. "మా అమ్మ పేరు మీద పది మొక్కలు నాటిద్దామనుకుంటున్నానండీ. మీరు ఒక్కటీ నాటించలేదే, ఎందుకని?"

"మాది పోచంపల్లి సారూ. చీర కోసినంక పాత పడుగు పోగుల కొసలు మగ్గం మీదనే ఇడిసి, కొత్త పడుగును వాటికి పోగుపోగు అతుకుతం. ఉన్నదాన్ని పారేసి మళ్ల మొదటికి పోతమా?"

మొక్కలకూ మగ్గానికీ ఏం సంబంధం? నా మొహం చూసి, ఆయన నన్నొక ఎండిన గుంత దగ్గరికి తీసుకెళ్లారు. చుట్టూ ఇనుప కంచె, దానికి మూడు దాతల పలకలు. ఏడాదికొకటి చొప్పున మూడేళ్లవి. పేర్ల మీద రంగు మాత్రం కొత్తగా మెరుస్తోంది. లోపల మొక్క లేదు.

"జర చూడుండ్రి," అన్నారాయన బిందె దించి. "నేను కట్టే ఒక్క ట్యాంకర్ ఈడిదాక సాలదు. నాలుగోది అమ్మ పేరేనా సారూ?"