పేలని మంటకు చప్పట్లు

మా ఇంజనీరింగ్ కాలేజీకి చదువు కంటే సున్నం మీద శ్రద్ధ ఎక్కువ. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడంటే చాలు, చెట్ల మొదళ్ళ నుంచి గేటు దాకా రంగు పడుతుంది. అలాంటి చోట నేను ఏళ్ళుగా ఇంజన్ల పాఠం చెబుతున్నాను.

ఆ ఏడాది నా దగ్గర ప్రాజెక్టు చేసిన అమ్మాయిది ముదిగుబ్బ దగ్గర పల్లె. ఇంట్లో గొర్రెలు, వేరుశనగ. తక్కినవాళ్ళు బెంగళూరులో తయారు ప్రాజెక్టులు కొనుక్కొచ్చి అట్టలు మార్చుకుంటుంటే, ఈ పిల్ల డిటొనేషన్ ఇంజన్‌కు నమూనా చేస్తానని కూర్చుంది. బెంగళూరు నుంచి ఒక శాస్త్రవేత్త చూడటానికి వస్తానన్నాడు. అది నిజంగా పేలితే అమ్మాయిని తన ప్రయోగశాలలో చేర్చుకుంటానని నాతో ఫోన్లో చెప్పాడు. ఆ పిల్ల ఆశంతా దాని మీదే.

మామూలు జెట్ ఇంజన్లో ఇంధనం పొయ్యిలో మండినట్టే మండుతుంది. మంట నింపాదిగా పాకుతుంది కాబట్టి ముందే గాలిని బాగా అదిమి పంపాలి. డిటొనేషన్ వేరు. బావి తవ్వేటప్పుడు బండలో తూటా పేలినట్టు, మంట ఒక ఒత్తిడి అలతో కలిసి ధ్వని కంటే వేగంగా దూసుకుపోతుంది. ఆ అలే వాయువును అదిమి మండిస్తుంది గనుక, అంతే ఇంధనంతో ఎక్కువ తోపుడు బలం రాబట్టొచ్చని ఆశ. ఉంగరంలాంటి సందులో ఆ అలను గుండ్రంగా తిప్పి పరీక్షించే ఇంజన్లూ ఉన్నాయి. ఆ వేడికి లోహం తట్టుకోవాలి, అల చెదరకుండా తిరగాలి. ఆ చిక్కులు ఇంకా పూర్తిగా తీరలేదు.

ఈ అమ్మాయి నమూనా అంత గొప్పది కాదు. ఒక ఉక్కు గొట్టం, లోపల ఇనుప తీగ చుట్ట. అడ్డం వస్తే మంట ఆగుతుందనుకుంటాం గానీ, ఆ చుట్టను ఒరుసుకుంటూ పోయే మంట సుడులు తిరిగి, వేగం పెంచుకుని, చివరికి పేలుడవుతుంది. చుట్ట లేకపోతే ఆ పొట్టి గొట్టంలో వచ్చేది ఒట్టి మంటే.

శాస్త్రవేత్త వచ్చే రోజు పొద్దున్నే మా ఛైర్మన్ ఆ గొట్టానికి ఆయుధపూజ చేయించాడు. వెండి రంగు, పసుపు, కుంకుమ, మూతికి బంతిపూల దండ. అమ్మాయి ఒక్కసారి లోపల చూసుకుంటానంది.

"పూజ అయినాక యంత్రాన్ని ముట్టకూడదు పాపా. పెద్దాయన వచ్చి బటన్ నొక్కల్ల, ఆ తర్వాతే ఏమన్నా," అన్నాడు ఛైర్మన్.

శాస్త్రవేత్త వచ్చాడు, టెంకాయ కొట్టాడు, ఇసుక మూటల వెనక నిలబడి బటన్ నొక్కాడు. బుస్సుమని మంట వచ్చి దండ మాడింది. తెర మీద ఒత్తిడి కొలిచే సెన్సర్ గీత తలెత్తలేదు. ఛైర్మన్ చప్పట్లు కొట్టాడు కాబట్టి అందరూ కొట్టారు. ఆయన మైకు పట్టుకుని డిటొనేషన్ విజయవంతమైందన్నాడు, రేపు ఇలాంటి ఇంజన్లతో లండన్‌కు గంటన్నరలో పోవచ్చన్నాడు. ముదిగుబ్బ బస్సు ఎప్పుడొస్తుందో తెలియని జనం దానికీ చప్పట్లు కొట్టారు.

కారెక్కే ముందు ఆయన నా చెవిలో, "అది ఒట్టి పొయ్యి మాస్టారూ. ఆ అమ్మాయిని తీసుకుని నేనేం చేసుకోను?" అన్నాడు.

వెళ్ళి గొట్టంలోకి చూస్తే చుట్ట లేదు. అటెండర్ని పిలిచాను.

"ఏమప్పా, లోపలి చుట్ట యాడబోయింది?"

"తుప్పు పట్టిన స్ప్రింగు కదా సార్. పెద్దాయన చూస్తే బాగుండదని ఛైర్మన్ సార్ పీకేయమన్నాడు, పీకేసినా. వెనకాల తుక్కులో ఉండాది."

మరునాడు చుట్టను మళ్ళీ గొట్టంలో దూర్చి, నేనూ అమ్మాయీ పేల్చాం. ధణ్‌మంది. చెవులు గింగురుమన్నాయి. గోడ అవతల గొర్రెలు చెదిరిపోతే కాపరి మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. సెన్సర్ గీత నిలువునా లేచింది, దాన్ని చూసి అమ్మాయి ఏడ్చేసింది. వెంటనే శాస్త్రవేత్తకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, జరిగిందంతా చెప్పి మళ్ళీ ఒక్కసారి రమ్మన్నాను.

"ఎలా వస్తానండీ? నిన్న అందరి ముందూ పేలిందని చెప్పాను. ఇవాళ పేలిందంటే, మరి నిన్నటిదేమిటని అడగరా?" అని పెట్టేశాడు.

ఆయన అంత చదువూ నిన్నటి చప్పట్లకు కాపలా కాయడానికి పనికొచ్చింది.

"పోనీలే సార్. పేలింది కదా, మనం చూసినాం కదా," అంది అమ్మాయి.

నాకు పోనీలే అనబుద్ధి కాలేదు, ఇప్పటికీ కాదు. ఆ అమ్మాయి ఇప్పుడు పామిడిలో ఒక ప్రైవేటు బడిలో ఎక్కాలు చెబుతోంది. మా ఛైర్మన్ గదిలో మాత్రం ఆ బుస్సుమన్న మంట ఫొటో పెద్ద ఫ్రేములో వేలాడుతోంది, కింద ‘మా విద్యార్థిని విజయం’ అని రాసి.