చేపలకి కలిపిన ముద్ద

2022 వానాకాలం. ఏలూరులో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి గణపవరం దగ్గరి పల్లె నుంచి ఓ కుటుంబమంతా ఆటో కట్టించుకుని వచ్చింది. తండ్రి సూర్యనారాయణ గారు చేపల చెరువుల రైతు. కొడుకు వంశీ పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నాడు. బండి మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పారు గానీ పిడికిలి బిగియడం లేదు. వర్క్‌షాప్‌లో స్పానర్ పట్టుకుంటే జారిపోతోంది. తల్లి, ఆరో తరగతి చదివే చెల్లెలు లాస్య కూడా వెంట వచ్చారు.

ఎముక అతుక్కున్నాక కీళ్లు బిగుసుకుపోవడాన్ని మేం స్టిఫ్‌నెస్ అంటాం. అప్పుడే వంచకపోతే తర్వాత ఎంత తంటాలు పడ్డా చెయ్యి పూర్తిగా రాదు. దానికి పుట్టీ అని మైనంలాంటి ముద్దొకటి పిసికిస్తాం. అంతకన్నా మంచిది ప్రతి వంటింట్లోనూ ఉంది కాబట్టి, రోజూ చపాతీ పిండి కలపమని వంశీకి చెప్పాను.

వంశీ తండ్రి వంక చూశాడు. నేనేదో కుర్రాడికి చీర కట్టించి తీసుకురమ్మన్నట్టు ఆయన నా వంక చూశారు.

"ఏవండీ మేడమ్ గారూ, మా ఇంట్లో మగాళ్లు వంటింట్లోకి వెళ్లరండి. ఇంకేదైనా రాసివ్వండి," అన్నారు ఎంతో మర్యాదగా. మా వైపు మర్యాదతో ఇదే చిక్కు, కాదన్నా ఔనన్నట్టే వినిపిస్తుంది. పిండి కలుపుతున్నానని తెలిస్తే ఫ్రెండ్స్‌లో పరువు పోతుందని వంశీ కూడా గొణిగాడు. చెయ్యి పోయినా ఫర్వాలేదు గానీ పరువు పోకూడదట. నాకు ఒళ్లు మండింది.

మళ్లీ వచ్చేసరికి వేళ్లు కాస్త వంగుతున్నాయి. పిండి కలిపావా అంటే వంశీ ఛాతీ విరుచుకుని, చెరువుకి మేత కలుపుతున్నానన్నాడు. తవుడు, వేరుశనగ చెక్క తొట్టిలో పోసి, నీళ్లు చల్లి, పిసికి ముద్దలు చేస్తున్నాడట. ఆ ఉపాయం తనదేనని సూర్యనారాయణ గారు మురిసిపోయారు. చెరువు గట్టు మీద చేస్తే అది మగపనే కదండీ అని నాకు వివరించారు కూడా.

నవ్వాపుకుని బాగుందన్నాను. అప్పటిదాకా గోడ మీది అస్థిపంజరం బొమ్మ చూస్తున్న లాస్య ఇటు తిరిగింది.

"అన్నయ్య చేపలకైతే కలుపుతాడండి. మాకు కలపడండి."

ఫిర్యాదు చేసినట్టు కూడా లేదు, రోజూ చూసేది చెప్పింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత మెల్లగా, "సాయంత్రం పిండి కలిపేది ఇదేనండి," అంది. సూర్యనారాయణ గారు కూతురి చిన్న చేతుల వంక చూస్తూ ఉండిపోయారు.

చివరిసారి వచ్చినప్పుడు వంశీ నా చెయ్యి పట్టుకుని నొప్పెట్టేలా బిగించాడు. గోళ్లలో గోధుమపిండి ఉంది. అందరూ బయటికి వెళ్లాక సూర్యనారాయణ గారు వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"మావాడి చపాతీలు గుండ్రంగా రావట్లేదండి. దానికేమన్నా ఎక్సర్‌సైజ్ ఉందాండి?"

చెయ్యి ఎందుకు వంగడం లేదో ఎక్స్‌రేలో సగమే కనబడుతుందని ఆ కేసు నేర్పింది. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు మీ ఇంట్లో పిండి ఎవరు కలుపుతారని అడుగుతాను. జవాబు చెప్పకుండా కుర్రాడు తండ్రి వంక చూశాడంటే, ట్రీట్‌మెంట్ తండ్రితోనే మొదలుపెడతాను.