నికోలా పండగనాడు తిరిగిన చక్రాలు

స్తమేనా కొడుకు విదోయె నేవీ లెఫ్టినెంటయ్యాడంటే ఊరంతా నవ్వింది. సెర్బియాకి సముద్రమేదీ, నేవీ ఏమిటీ! డాన్యూబ్ మీద వాళ్ళతనికిచ్చింది ఒక చిన్న ఆవిరి పడవ, దానికో ఫిరంగి, పదకొండు మంది మనుషులు.

"మీవాడి యుద్ధనౌకలో గొర్రెపిల్ల పడుకుంటే కెప్టెను నిలబడే ఉండాలి కదే స్తమేనా," అనేవాడు పక్క పిండిమర నడిపే తనసియె.

"నీ నోట్లో తవుడు కొట్ట! పోయి నీ పని చూసుకో," అనేది ఆవిడ. మొగుడు పోయాక, నదిమీద తేలుతూ ప్రవాహానికి చక్రం తిరిగే పిండిమరని ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి, మాట పడుతుందా?

ఆస్ట్రియాతో యుద్ధానికి మొదటి చలికాలం. ఊరి దిగువన గాయపడ్డవాళ్ళని బల్లకట్టు మీద నది దాటిస్తున్నారు. దాన్ని ముంచడానికి ఆస్ట్రియావాళ్ళ ఇనప నౌక వస్తోందని కబురు. దూరం నుంచి కొడితే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అందుకని అది దగ్గరికొచ్చేదాకా పోల్చుకోకుండా విదోయె తన పడవకి చుట్టూ చెక్కలు కొట్టించి, పక్కనో చక్రం తగిలించి, తొమ్మిది పిండిమరల వరసలో పదోదిగా నిలబెట్టాడు.

ఆ రోజు సెయింట్ నికోలా పండగ. పడవలవాళ్ళని కాచే దేవుడాయన. ఆ పూట ఏ మరా తిరగదు. విదోయె తెల్లవారుజామునే బల్లకట్టు దగ్గరికి వెళ్ళాడు. అతని మనుషులేమో కొండప్రాంతం వాళ్ళు, నదిమీది ఈ ఆచారం తెలీదు. మరంటే తిరగాలి కదా అని చక్రం ఆపే మోకు కాస్తా నరికేశారు. అతను తిరిగొచ్చేసరికి మలుపు దగ్గర శత్రునౌక పొగ!

ఒడ్డున చేపలు కడుగుతున్న స్తమేనా తలెత్తింది. తొమ్మిది ఆగున్నాయి, ఒక్కటి తిరుగుతోంది. శత్రునౌకకి దారి చూపేవాడు అవతలి గట్టున ఉండే సెర్బియా జాతివాడే. వాడింట్లోనూ ఇవాళ నికోలాకి కొవ్వొత్తి వెలుగుతుంది. చూశాడంటే కొడుకు పని అయిపోయినట్టే.

పరుగెత్తి తన చక్రం కట్టు విప్పేసింది.

"మతి పోయిందా? పండగ పూట!" అరిచాడు తనసియె.

"నా కొడుకు చస్తాడయ్యా! పదీ తిరిగితే సైన్యానికి పిండి ఆడుతున్నారనుకుంటారు. నీదీ విప్పు!"

తనసియె గుండెల మీద సిలువ గీసుకుని విప్పాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ విప్పారు.

నౌక అనుమానించకుండా నలభై అడుగుల దగ్గరికొచ్చింది. విదోయె పడవ చుట్టూ ఉన్న చెక్కలు ధడాలున పడ్డాయి. విదోయె రెండో గుండుకే దాని చుక్కాని విరిగి, ఇసకమేటకెక్కి కూర్చుంది. అయినా దాని ఫిరంగులు ఊరుకుంటాయా? పడవకి చిల్లిపడింది. అందర్నీ దూకేయమన్నాడు విదోయె. తను దూకలేదు. "దూకరా నాయనా!" అని తల్లి గొంతు చించుకుంటున్నా, బల్లకట్టు ఒడ్డు చేరేదాకా ఒక్కడే గుళ్ళు నింపుతూ పేలుస్తూ నిలబడ్డాడు. ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. పడవ కాళ్ళకింద మునిగాక తనసియె అతన్ని జుట్టు పట్టుకుని పైకి లాగాడు.

పండగ పూట మరలు తిప్పినందుకు ఆ సాయంత్రం పాదిరి అన్ని మరల వాళ్ళకీ శిక్ష వేశాడు: వారం రోజులు ఉత్త రొట్టే, నీళ్ళే. తర్వాత స్తమేనా ఇంట్లో పండగ రొట్టె కొయ్యడానికి ఇంటి మగాణ్ణి పిలిచాడు. కోసేముందు దాన్ని పాదిరితో కలిసి రెండు చేతుల్తో పట్టి తిప్పాలి. పడుకోమంటే వినకుండా విదోయె లేచొచ్చి కుడిచెయ్యి చాపాడు. రొట్టె ఒక పక్కకి ఒరిగింది.

తనసియె వచ్చి తన ఎడమచెయ్యి కింద పెట్టాడు. "తిప్పండి, కెప్టెన్ గారూ," అన్నాడు.

స్తమేనా అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడేడ్చింది, గర్వంతో, అందరూ చూస్తూండగానే.